గీత మీది కాంటా

ఏప్రిల్ ఇరవై రెండున ఉమ్మే కుల్సుమ్‌ను వడ్ల దొంగ అని ఇబ్రహీంపట్నంలోని ఒక కొనుగోలు కేంద్రం నుంచి వెళ్లగొట్టారు. నోటీసు లేదు, విచారణ లేదు.

కుల్సుమ్‌కు నలభై ఆరేళ్లు. ఆరు సీజన్లుగా ఆమె పని ఒకటే: సంచి నింపడం, కాంటా మీద జోకడం, దబ్బనంతో మూతి కుట్టడం. ఆ రోజు రైతు మత్తయి ఆమెను నిలదీశాడు.

"కుల్సుమక్కా, ఇంట్ల జోకితే అరవై రెండు బస్తాలు. ఈడ అరవై గుడ నిండలే. రెండు బస్తాలు నీ కొంగుల కట్టుకున్నవా?"

"రెండు బస్తాలు పట్టే కొంగుంటే నేనీడ ఎందుకుంట మత్తయన్నా!"

నవ్వినవాళ్లే సాయంత్రానికి ఆమెను దొంగ అన్నారు. కేంద్రం ఇన్‌ఛార్జి భూపాల్ ఆమెను గేటు దాటించాడు.

ఆ రాత్రంతా ఆమె ప్రతిదాన్నీ అనుమానించింది. చివరికి తన అలవాటును కూడా. జోకిన బస్తాను మళ్లీ ఎత్తే బాధ లేకుండా వరుసలోకి నెట్టేయవచ్చని, కాంటాను బస్తాల వరుస పక్కనే పెట్టేవారు. పాత సీజన్లలో మధ్య కాస్త సందు ఉండేది. ఈసారి భూపాల్ వరుసను ఆనుకొని సున్నంతో గీత గీసి, కాంటా దాని మీదే ఉండాలన్నాడు. అప్పుడు అది నడుముకు సుఖమనిపించింది.

కాంటా బస్తా బరువును నేరుగా చూడదు. తాను బస్తాను ఎంత బలంతో పైకి మోస్తోందో అంతే చూపిస్తుంది. భౌతికశాస్త్రంలో దాని పేరు అభిలంబ బలం. బస్తా పక్క బస్తా మీదికి ఒరిగితే, ఆ తాకిన చోట కూడా కొంత బరువు మోయబడుతుంది. ఆ కొంత కాంటాకు తెలియదు. అంకె తగ్గుతుంది, అంకె నిండేదాకా రైతు వడ్లు సంచిలో పడుతూనే ఉంటాయి.

మరునాడు ఉదయం ఆమె మత్తయిని ఒప్పించి, కేంద్రానికి వెంటబెట్టుకొని వెళ్లి, అతని బస్తానే గీత మీది కాంటాకు ఎక్కించింది. సంచితో కలిపి నలభై కిలోల ఆరువందల గ్రాములు, ఉండాల్సినంతే. కాంటాను వరుస నుంచి జానెడు ఇవతలికి లాగింది. నలభై రెండు కిలోల వంద గ్రాములు.

"మిషన్ ఖరాబైంది, బంద్ జేయుర్రి," అన్నాడు భూపాల్.

"గీత మీదికి జరిపితే మళ్ల మంచిగైతదా సారూ?"

మత్తయి తలదించుకొని, "తప్పైంది అక్కా," అన్నాడు. మధ్యాహ్నానికి కాంటా మరమ్మతుకు పోయింది. గీతను ఎవరో కడిగేశారు. గీత గీసినప్పటి ఉద్దేశానికి ఆధారం ఇంకా లేదు. కడగడానికి మాత్రం ఆధారం చెరపడం తప్ప వేరే ఉద్దేశం కనిపించదు. కుల్సుమ్ పేరు మీది దొంగతనం ఆరోపణ ఇంకా అలాగే ఉంది.

కేంద్రం నిర్వాహకులారా, కాంటాకు సీలు వేసి రైతుల ఎదుటికి తీసుకురండి. మిల్లుకు పోయిన బస్తాలను ఏ పక్కా తాకకుండా విడిగా జోకించండి. ఉమ్మే కుల్సుమ్‌ను పనిలోకి తీసుకోండి. ఆమె దొంగ కాదని రాసి, సంతకం చేసి, అందరూ వినేలా చదవండి. ఏడు రోజుల్లో.