పేలిక పడితేనే కత్తెర

మా గోదాములో కొత్త గుడ్డ తాను విప్పితే చాలు, గంజి వాసన గుప్పుమంటుంది. ఆ క్షణం పక్కన ఎవరున్నా నాకు పట్టదు. నాందేడ్‌లో ఒక ఇరుకు గది, అందులో మెడలో టేపు వేసుకున్న నర్సక్క కళ్ల ముందుకు వస్తుంది. బడి పిల్లల యూనిఫాంలు కుట్టే దుకాణం ఆమెది. మిషన్లు నాలుగు, ఆడవాళ్లం నలుగురం. మా ఊరు మర్ఖేల్‌లో పరాయి చేలల్లో సోయా కలుపు తీసిన నా చేతికి కత్తెర ఇచ్చింది ఆమే. ఆ దుకాణం మూతపడితే నాకు మళ్లీ ఆ కలుపే దిక్కు.

అక్క పద్ధతి నాకు వింతగా తోచేది. అరలో ఒక్కో సైజుకు అయిదే చొక్కాలు, ఒక్కోదానికి సైజు రాసిన ఒక గుడ్డ పేలిక కట్టి ఉండేది. చొక్కా అమ్ముడుపోగానే దాని పేలిక తెచ్చి కత్తెర బల్ల పక్కనున్న మేకుకు తగిలించేది. మేకు మీద ఏ సైజు పేలిక ఉంటే ఆ సైజే కోయాలి. లేకుంటే కత్తెర ముట్టకూడదు. అవతలి వీధి సేటు దుకాణంలో దొంతరలు కప్పును తాకుతుంటే, మా అరలు చూసి నాకు తల కొట్టేసినట్టుండేది. ఒక మధ్యాహ్నం ఊరికే కూర్చోలేక, మెచ్చుకుంటుందని, ఇరవై ఎనిమిది సైజువి ఇరవై కోసి పడేశాను.

"గివి ఎవలు అడిగిండ్రు?" అంది అక్క.

"చేతులు ఖాళీగున్నయి గదక్కా."

"ఖాళీగుంటే కూసో, చాయ్ తాగు. గుడ్డ గుడ్డ లెక్కనే ఉంటే ఏ సైజన్నా అయితది. కోసినంక అయితదా?"

ఆ ఇరవై చొక్కాల ముక్కలనూ నా కుర్చీ పక్కనే పెట్టించింది. వానాకాలం దాటేదాకా అవి నన్ను వెక్కిరిస్తూనే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది, ఆ ముక్కల మీదా, ఆమె మీదా.

మరుసటి ఏడు మేం యూనిఫాంలు కుట్టే పెద్ద బడి యాజమాన్యం మారింది. బడి తెరవడానికి పది రోజులుందనగా యూనిఫాంకు నీలి గళ్లు తీసేసి ఆకుపచ్చ పెట్టారు. ఉన్నదంతా నీలి గుడ్డలో పెట్టేసిన సేటు చేతులెత్తేశాడు. మా దగ్గర మిగిలిన నీలిది అరల్లో ఉన్న కాసిని చొక్కాలే. హెడ్మాస్టరు మా గుమ్మంలోకి వచ్చి, వీలవుతుందా అని మరాఠీలో అడిగాడు. "తాయీ, జమేల్ కా?"

"జమేల్, సర్," అనేసింది అక్క. ఆయన వెళ్లాక నా వైపు తిరిగి, "గిది తప్పిందంటే మన దుకాణం ఉండది పిల్లా. అయినా పద్ధతి ఇడ్సిపెట్టొద్దు" అంది.

పొద్దున్నే బజారుకు పోయి ఆ రోజుకు సరిపడా తాన్లే తెచ్చేది. కొలత ఇచ్చిన ప్రతి బిడ్డకూ ఒక పేలిక మేకెక్కేది. మూడో రోజు ముప్పై సైజు తెగ పోతోందని, ఒక యాభై ముందే కోసి పెడదామని తాను పరిచాను. మేకు వైపు చూశాను. ముప్పై పేలిక ఒక్కటీ లేదు. పళ్లు కొరుక్కుంటూ కత్తెర కింద పెట్టేశాను. గంట తిరక్కుండా ఒకటో తరగతి పసివాళ్లంతా బిలబిలమంటూ వచ్చారు. ఆ తానంతా వాళ్ల చిన్న సైజులకే పట్టింది. నేను ముందే కోసి ఉంటే వాళ్లను ఉత్త చేతులతో పంపాల్సి వచ్చేది. అక్క చాయ్ గ్లాసు నా వైపు జరిపింది.

బడి తెరిచిన రోజు మేం నలుగురం గేటు ఎదుట నిలబడ్డాం. ఒక్క బిడ్డ కూడా పాత చొక్కాలో రాలేదు. గెలిచాం! నడివీధిలో సిగ్గు లేకుండా ఏడ్చాను, ఏడుస్తూనే నవ్వాను. మర్ఖేల్ కలుపు ఇక నన్ను మరిచిపోవచ్చు అనుకున్నాను.

ఆ వారమే సేటు మా గదికి వచ్చి, ఈ పేలికల సంగతేమిటో చెప్పమన్నాడు. అక్క స్టూలు వేసి కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. ఆయన గడప దాటాడో లేదో నేను విరుచుకుపడ్డాను.

"పగోనికి ఇంటి తాళంచెవి ఇచ్చినట్టు చేస్తివి గదక్కా!"

అక్క నవ్వింది. "మన దుకాణంల ఏదన్న దాసిపెట్టుకున్నమా పిల్లా? గిదొక్కటి ఎందుకు దాసిపెడుత?"

అక్క ఇప్పుడు లేదు. నేనొక పెద్ద గోదాము చూసుకుంటున్నాను. మా పద్ధతి నేర్చుకుంటామని పోటీ కంపెనీల వాళ్లు కూడా వస్తుంటారు. చెప్పేటప్పుడు కడుపులో కొంచెం మండుతుంది, అబద్ధమెందుకు. అయినా కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఏదీ దాచకుండా చెబుతాను.