ఆ కొస కాస్త పట్టుకోండి

నజ్నీన్ ఎవరింటికి వెళ్ళినా సామాను జరుపుతుంది. అడగదు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, గది మధ్యలో నిలబడి నాలుగు గోడలూ ఒకసారి పరికించి చూస్తుంది. ఇంటావిడ మంచినీళ్ళు తెచ్చేలోగా టీపాయ్ ఏదో ఒక మూలకి చేరిపోయి ఉంటుంది. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయిన ఇల్లాళ్ళని నేను కనీసం పది ఇళ్ళలో చూశాను.

మనిషి నలభై రెండు కిలోలు. బీరువాలూ ఫ్రిజ్‌లూ ఒక్కతే జరపలేదు. అందుకని ఇంటి యజమాని చేతే జరిపిస్తుంది. "ఆ కొస కాస్త పట్టుకోండి అంకుల్" అంటుంది ఎంతో మర్యాదగా. ఆయన పట్టుకుంటాడు. ఎందుకు పట్టుకున్నానా అని ఆయనకి తోచేసరికి బీరువా అవతలి గోడకి చేరి ఉంటుంది.

ఏలూరు బయట, హైవే పక్కనున్న ఒక కాలేజీలో మేమిద్దరం ఇంటీరియర్ ఆర్కిటెక్చర్‌లో పీజీ చేశాం. నాది తాడేపల్లిగూడెం, హాస్టల్లో ఉండేదాన్ని. ఆమెది ఏలూరే. వాళ్ళ నాన్న ఖలీల్ గారు తివాచీలు నేస్తారు. ఒకటే గది, అందులో సగం మగ్గం. ఆ మగ్గం నేలలో పాతి ఉంటుంది.

"మా ఇంట్లో అది కదలదే శాలినీ. ఆ కసి ఊరి మీద తీర్చుకుంటున్నాను" అనేది.

మొదటి నెలలోనే ఆ కసి నా మీద తీరింది. స్నానం చేసి వచ్చేసరికి నా మంచం బాత్రూం తలుపు పక్కన ఉంది. కిటికీ దగ్గర, అంటే నా చోట్లో, నా రూమ్మేట్ బ్లెస్సీ పుస్తకం తెరుచుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

"నా మంచం ఎవరు జరిపారు?"

"నేనే. బ్లెస్సీ ఆ కొస పట్టుకుంది" అంది నజ్నీన్.

"నువ్వసలు ఈ హాస్టల్లో ఉండవు కదే."

"ఉండేవాళ్ళకి కనబడదు. అలవాటైపోతుంది."

వారం రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు. ఆ సంగతి ఆమె గమనించినట్టు లేదు. రోజూ వచ్చి మాట్లాడి వెళ్ళేది.

తరవాత తెలిసితెలిసీ గూడెంలో మా ఇంటికి తీసుకెళ్ళాను. మా నాన్న అప్పారావు గారు పోస్టాఫీసులో రిటైరయ్యారు. హాల్లో ఫ్యాను కింద ఆయన పడక్కుర్చీ ఇరవై ఏళ్ళుగా ఒకే చోట ఉంది. దాని కాళ్ళ కింద గచ్చుకి గుంటలు పడ్డాయి.

"ఏమ్మా, ఏమన్నా పారేసుకున్నావా?" అన్నారు నాన్న, ఆమె చూపు చూసి.

"లేదండీ అంకుల్. మీ కుర్చీ ఆ కొస ఒక్కసారి పట్టుకోండి."

పట్టుకున్నారు. కుర్చీ రెండడుగులు వెనక్కి పోయింది. ఆ ఖాళీలోకి, ఫ్యాను కిందికి, వంటింట్లోంచి ఒక స్టూలూ కత్తిపీటా వచ్చాయి.

"ఏవండీ, ఈ అమ్మాయి వంటిల్లు హాల్లోకి తెచ్చేస్తోందండీ" అంది మా అమ్మ ప్రభావతి. అంటూనే స్టూలు మీద కూర్చుని బెండకాయలు తరగడం మొదలుపెట్టింది. నాన్న ఆ సాయంత్రం గునిసినంత ఆయన్ని పోస్టుమాస్టరుగా దెందులూరు బదిలీ చేసినప్పుడు కూడా గునవలేదు.

కాలేజీలో మా గైడు మధుబాబు గారు, నజ్నీన్ వరండాలో కనబడితే చాలు, రెండు చేతులతో టేబుల్ అంచులు పట్టుకుని కూర్చునేవారు.

రెండో ఏడు థీసిస్. అందరం పెద్దపెద్దవే తీసుకున్నాం. ఒకడు ఎయిర్‌పోర్టు లాంజి, ఒకామె సముద్రం ఒడ్డున రిసార్టు. నాది ఐదు నక్షత్రాల హోటలు లాబీ. అలాంటి హోటల్లో నేను అప్పటికి మంచినీళ్ళు కూడా తాగలేదు, అయినా గీశాను. నజ్నీన్ కొల్లేటి లంకల్లో ఒక ఒంటిగది ఇల్లు తీసుకుంది. విశ్వాసం అనే అతను చెరువుల్లో చేపలు పట్టే పనికి వెళ్తాడు. అతనూ, భార్య రత్నమాణిక్యం, అతని తల్లీ ఆ గదిలో ఉంటారు.

"ఇందులో ఇంటీరియర్ ఎక్కడుందమ్మా?" అన్నారు మధుబాబు గారు, టేబుల్ వదలకుండానే.

"ఇల్లంటూ ఉంటే లోపల ఉంటుంది కదండీ సార్."

"రిసార్టు చెయ్యమ్మా. మార్కులొస్తాయి."

"రిసార్టులో ఉండేవాళ్ళు రెండు రోజులుంటారండీ. వీళ్ళు బతుకంతా ఉంటారు. నేను మార్చనండి."

అయిదు నెలలు ప్రతి శనివారం బస్సూ ఆటో పట్టుకుని వెళ్ళింది. వెళ్ళినప్పుడల్లా బీరువా జరిపింది. లంక జనానికి అదొక కాలక్షేపమైపోయింది. శనివారం పొద్దున్నే నలుగురు ఆ ఇంటి ముందు చేరి, బీరువా ఈ వారం ఎటు పోతుందని పందేలు కట్టేవారు. ఒకసారి నేనూ వెళ్ళాను.

"అమ్మగారూ, దీన్ని పోయిన వారం అక్కణ్ణించే ఇక్కడికి తెచ్చామండి" అన్నాడు విశ్వాసం.

"పోయిన వారం తప్పు పెట్టామండీ. ఆ కొస పట్టుకోండి."

చివరికి బీరువా పడమటి గోడకి చేరింది. అదక్కడికి పోయేసరికి, మొదట్లో దాని వెనక మూసుకుపోయి ఉన్న కిటికీ ఒకటి తెరవడానికి వీలైంది. ఆ కిటికీ కింద మూడడుగుల పొడవున చిన్న అరుగు కట్టించింది. ఆమె థీసిస్ అంతా ఆ అరుగే.

జ్యూరీ రోజున ఎగ్జామినర్ల ముందు గోడకి ఒకటే షీటు అంటించింది. ఆ గది ప్లాను, దాని నిండా రంగు చుక్కలు. అరుగు కట్టకముందు నాలుగు శనివారాలపాటు అరగంటకోసారి ఎవరు ఎక్కడున్నారో గుర్తు పెట్టింది. విశ్వాసానివి నీలం చుక్కలు, మంచం మీద. అతని తల్లివి ఆకుపచ్చవి, రెండో మంచం మీద. టీవీకి కూడా సొంత బల్ల ఉంది. రత్నమాణిక్యానివి ఎర్రవి. పొయ్యి దగ్గర కొన్ని, బయట కుళాయి దగ్గర కొన్ని, మిగతావన్నీ గుమ్మం మీద.

"పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఆవిడకి కూర్చునే చోటు లేదండీ" అంది నజ్నీన్. "ఎవరూ వద్దనలేదు. చోటు లేదు, అంతే. నేను ఏ ఇంటికి వెళ్ళినా ముందు చూసేది అదేనండీ. అందరూ కూర్చున్నాక నిలబడి ఉండేది ఎవరా అని."

నేను వెనక వరసలో ఉన్నాను. ఆ మొదటి నెలంతా బాత్రూం తలుపు మొహాన కొట్టుకుంటూ నిద్రపోయిన బ్లెస్సీ గుర్తొచ్చింది. మా ఇంట్లో వంటింటి ఉక్కలోంచే అందరికీ జవాబులు చెప్పే అమ్మ గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ నజ్నీన్‌ది పిచ్చి అనుకున్నాను నేను.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు కళ్ళజోడు తీశారు. "బాగుంది. డిజైనెక్కడ?"

"ఆ అరుగేనండీ."

"ఒక్క అరుగా? ఫాల్స్ సీలింగ్ లేదు, లైటింగ్ లేదు. పీజీకి ఇది సరిపోదు. ఇంకో సబ్జెక్టు తీసుకుని ఆరు నెలల తరవాత రా."

"వస్తానండీ. ఇదే తెస్తాను."

ఫెయిల్ చేశారు. మేమంతా పట్టాలు పుచ్చుకున్నాం. ఖలీల్ గారు మధుబాబు గారి దగ్గరికి వెళ్ళి బతిమాలబోతే నజ్నీన్ ఆపేసింది. "వద్దు అబ్బాజాన్. గోడ వాళ్ళది కావచ్చు, షీటు నాది" అంది. ఆరు నెలల తరవాత అదే షీటు పట్టుకెళ్ళి అంటించింది. తారీకు ఒక్కటే మార్చింది.

ఈసారి వచ్చిన ఎగ్జామినరు ఒక పెద్దావిడ. చుక్కలన్నీ దగ్గరికి వెళ్ళి చూసి, ఒకటే ప్రశ్న అడిగింది.

"ఆవిడ ఆ అరుగు మీద కూర్చుంటోందా?"

మధుబాబు గారు కళ్ళతో బతిమాలారు. అవునని ఒక్క మాట అంటే గండం గడిచిపోతుంది.

"లేదండీ" అంది నజ్నీన్. "బియ్యం బస్తా పెట్టిందండీ దాని మీద."

"మరి?"

"బస్తా కోసం ఇంకో అరుగు కట్టామండీ."

పెద్దావిడ నవ్వింది. నవ్వుతూనే మార్కులు వేసింది. క్లాసులో అందరికంటే తక్కువే వచ్చాయిగానీ, పాసయింది.

ఆ శనివారం మిఠాయి తీసుకుని ఇద్దరం లంకకి వెళ్ళాం. కిటికీలోంచి కొల్లేటి గాలి వస్తోంది. రత్నమాణిక్యం అరుగు మీద కాళ్ళు చాపుకుని, గోడకి ఆనుకుని, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. "రండమ్మా, మంచం మీద కూర్చోండి" అని మళ్ళీ ఫోన్లో పడింది.

"ఇప్పుడింతేనండి" అన్నాడు విశ్వాసం, మాకు టీ తేవడానికి ఫ్లాస్కు వెతుక్కుంటూ. "ఆ కిటికీ దగ్గరకి చేరిందంటే ఇంక లెగదండి."

టీ తెచ్చాడు. మాకిద్దరికీ ఇచ్చి, తల్లికిచ్చి, నాలుగో గ్లాసు పట్టుకుని అరుగు ముందు నిలబడ్డాడు.

రత్నమాణిక్యం ఫోను చెవి మీంచి కాస్త పక్కకి జరిపింది. "పంచదార వేశావా?" అని అడిగింది.