దిండులో గొడ్డలి

అంగలకుదురు సెంటరులో సరోజ దగ్గర జాకెట్టు కుట్టించుకోని ఆడమనిషి మా వైపు తక్కువ. చంకల్లో పట్టకపోతే విప్పి మళ్లీ కుడుతుందే గాని, "మీరే కాస్త ఒళ్లు చేశారండి" అని ఏనాడూ అనదు. వయసు యాభై దాటింది. భర్త రాఘవయ్య తెనాలిలో మోటార్ల షెడ్డులో వెల్డింగు పని చేస్తాడు. ఇంతవరకు చెప్పుకోవడానికి ఏమీ లేదు. చెప్పుకోవాల్సిందంతా టెంటుతో మొదలైంది.

జనాన్ని కొండలెక్కించే వ్యాపారం చేసే ఒకాయన చిరిగిన టెంటు తెచ్చి, జిప్పు మార్చి చిరుగులు కుట్టి పెట్టమన్నాడు. సరోజ పని పూర్తి చేసింది. ఆయన మాత్రం తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే వ్యాపారం ఎత్తేసి వైజాగ్ వెళ్లిపోయానని, "అది మీరే ఉంచుకోండమ్మా" అని చెప్పాడు. ఉంచుకుంటే ఉంచుకుంది, కుట్టు సరిగ్గా పడిందో లేదో చూడాలని ఒక మధ్యాహ్నం దాన్ని డాబా మీద నిలబెట్టింది. లోపలికి దూరి జిప్పు వేసుకుంది. కూర్చున్న మనిషి అలాగే పడుకుంది. ఎంత పిలిచినా పలక్కపోయేసరికి రాఘవయ్య పైకొచ్చాడు.

"ఏంటే, అందులో ఏముంది?"

"ఎవరూ లేరు. అదే బాగుంది" అంది లోపలినుంచి.

ఈ సంగతి పక్క సందులో ఉండే పున్నమ్మకు తెలిసింది. పున్నమ్మ బడిలో ఆయాగా చేసి రిటైరైంది. లూథరన్ చర్చిలో ముందు వరస ఆమెది. అబద్ధం ఆడదు. ఆడదంటే ఆడదు, అంతే. సరోజ అలా కాదు. జాకెట్టు రేపు ఇస్తానని రోజుకు పదిమందికి చెప్పే మనిషి. ఇద్దరికీ ఎలా కుదిరిందో గాని, ముప్ఫై ఏళ్ల స్నేహం.

"టెంటు డాబా మీద వేసుకునేదా? సముద్రం ఒడ్డున వేసుకోవాలి గాని" అంది పున్నమ్మ.

"వేద్దాం పదక్కా" అంది సరోజ.

అలా మొదటిసారి తెనాలిలో ప్యాసింజరు ఎక్కి బాపట్ల బయల్దేరారు. సూర్యలంకలో సరుగుడు తోటల పక్కన ఎండుపుల్లలకు కొదవుండదని విని, కొట్టుకోవడానికి ఒక చేగొడ్డలి, కోసుకోవడానికి ఒక మడత రంపం తీసుకున్నారు. టెంటుకు రాఘవయ్య ఇనప మేకులు చేసిచ్చాడు. పుల్లలు అంటుకోకపోతే ఎలాగని చిన్న గ్యాసు పొయ్యి కూడా పెట్టుకున్నారు. అన్నీ ఒక గోనెసంచిలో కుక్కి, మూతి కట్టి, కాళ్ల దగ్గర పెట్టుకున్నారు.

నిడుబ్రోలు దాటేసరికి రైలు కుదుపులకు గొడ్డలి గోనెను కోసుకుని బయటికొచ్చింది. గోనెతో ఆగినా బాగుండేది. ఎదుటావిడ సంచిని కూడా కోసింది. ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకుంటున్న కందిపప్పు బోగీ ఆ చివరి దాకా దొర్లింది. పప్పు ఎత్తడానికి వంగినవాళ్లందరికీ సంచిలోంచి తొంగిచూస్తున్న గొడ్డలి కనబడింది. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, బాపట్లలో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద కానిస్టేబులు నిలబడి ఉన్నాడు.

"ఎవర్ని నరకడానికమ్మా ఇదంతా?" అన్నాడు.

"సముద్రం ఒడ్డున పడుకోవడానికండి" అంది పున్నమ్మ.

"పడుకోవడానికి గొడ్డలెందుకు?"

"అన్నం వండుకోవడానికండి."

కానిస్టేబులు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఒకావిడ కళ్లజోడు దారంతో కట్టుకుని ఉంది, ఇంకొకావిడ చేతిలో బైబిలు ఉంది. ఆధార్ కార్డులు చూశాడు. గ్యాసు డబ్బా మాత్రం తీసి పక్కన పెట్టాడు.

"ఇది రైల్లో ఎక్కించకూడదు. మళ్లీ తేవద్దు. పదునున్న వాటికి ఒర వేసుకోవాలి, గట్టిగా చుట్టుకోవాలి, సంచిలో అడుగున పెట్టుకోవాలి. పప్పు కాబట్టి సరిపోయింది. అదే కాలయితే? పైకి కనబడితే జనం కూడా హడలిపోతారు."

పున్నమ్మ తల వంచుకుని "అలాగే బాబూ" అంది. సరోజ ఇంకేదో ఆలోచిస్తోంది. ఒర వేయాలి, చుట్టాలి, కనబడకూడదు. కానిస్టేబులు బుద్ధి చెప్పాడని పున్నమ్మ అనుకుంటే, కుట్టుపని ఒప్పజెప్పాడని సరోజ అనుకుంది.

ఇంటికొచ్చాక పది రోజులు మిషను దగ్గర జాకెట్లు ఎవరివి వాళ్లకు అందలేదు. పాత సైకిలు టైరు కోసి గొడ్డలి అంచుకు ఒర కుట్టింది. కర్ర వేరు చేసి పక్కన పెట్టేలా రాఘవయ్య చేత మార్పించింది. రంపం మడిచి, దానికి జీన్సు గుడ్డతో తొడుగు వేసింది. కర్రతో సహా అన్నీ గోనెపట్టాలో బిగించి, చుట్టూ బూరుగు దూది కూరి, దిండు చేసింది. గలీబు మీద గొలుసుకుట్టుతో రెండు గులాబీలు, మధ్యలో 'గుడ్ నైట్'. ఊపి చూసింది, చప్పుడు లేదు. పొడిచి చూసింది, ఏదీ పొడుచుకుని రాలేదు. దాని మీద కాసేపు ఎక్కి కూర్చుంది కూడా.

టెంటు గుడ్డ దుప్పట్ల మూటలోకి వెళ్లింది. ఇనప మేకులు గుడ్డలో చుట్టి టిఫిన్ క్యారేజీ అడుగు గిన్నెలో పెట్టింది. పై గిన్నెల్లో పులిహోర. చివరికి చూస్తే ఇద్దరూ పురిటికి సాయం వెళ్లే పెద్దముత్తైదువుల్లా కనబడ్డారు.

అప్పటినుంచి నెలకోసారి బయల్దేరేవాళ్లు. ఒకసారి బాపట్ల వైపు, ఒకసారి రేపల్లె వైపు. ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చాక రేపల్లె బస్సు సొంత బండి అయిపోయింది. బస్సులో పక్కవాళ్లు ఊరుకోరు కదా, ఏ ఊరు, ఎవరింటికి, ఏం తీసుకెళ్తన్నారు అని అడుగుతారు. సరోజ నోరు తెరిచేలోపు పున్నమ్మ నిజం చెప్పేసేది.

"క్యారేజీలో ఏంటి పిన్నీ, ఘుమఘుమలాడతా ఉంది?"

"పైన పులిహోర, కింద మేకులమ్మా."

అడిగినావిడ పొట్ట పట్టుకుని నవ్వేది. పున్నమ్మక్క ఎంత సరదా మనిషి అనుకునేవాళ్లు. ఊళ్లో మాత్రం పున్నమ్మను ఎవరూ నేరుగా అడగలేదు, వేరే లెక్క నడిచింది. నెలనెలా దిండు చంకన పెట్టుకుని పున్నమ్మతో పోతోంది కాబట్టి సరోజ సువార్త కూటాలకు వెళ్తోందని వీధివాళ్లు, నెలనెలా సరోజతో పోతోంది కాబట్టి పున్నమ్మ ఏదో కొండకు మొక్కు తీర్చుకుంటోందని చర్చి సంఘంవాళ్లు అనుకున్నారు. రాఘవయ్యను అడిగితే "గాలి మార్పుకు" అని ఊరుకునేవాడు. అతనికి ఇసకంటే పడదు, అన్నంలోకి వస్తుందని. అందుకే వెంట వెళ్లేవాడు కాదు.

ఈ దొంగాటం ఎన్నాళ్లు సాగేదో గాని, మొన్న వానాకాలంలో ఒక శనివారం పొద్దున రేపల్లె బస్సులో పాండురంగారావు గారు ఎక్కారు.

ఆయన రెవెన్యూలో చేసి రిటైరైన పెద్దాయన. మనిషి నిండుగా ఉంటారు. ముందు రోజు మొలలకు డాక్టరుకు చూపించుకుని ఊరికి తిరిగి వెళ్తున్నారు. వీళ్ల పక్క వరసలో కూర్చున్నారు గాని, కూర్చోలేకపోతున్నారు. చినరావూరు దాటకముందే ఆయన చూపు దిండు మీద పడింది.

"అమ్మా, ఏమనుకోవద్దు. ఈ సీటు రాయిలా ఉంది. ఆ దిండు కాసేపు ఇస్తారా?"

"అది మా... అది కాస్త..." అని సరోజ నీళ్లు నమిలింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమెకు అబద్ధం దొరకలేదు. పెద్దాయన మొహం చూస్తే పాపం నిజంగానే బాధపడుతున్నారు.

"గట్టిగా ఉంటదండి" అంది పున్నమ్మ.

"గట్టిదే కావాలమ్మా. డాక్టరు మెత్తటి వాటి మీద కూర్చోవద్దన్నాడు."

దిండు చేతులు మారింది. పాండురంగారావు గారు దాన్ని సర్దుకుని, 'గుడ్ నైట్' మీద నిదానంగా ఆసీనులయ్యారు. ఆయన కళ్లు మూసుకున్నారు. మొహం విప్పారింది.

"అబ్బ. ఎక్కడ కొన్నారమ్మా ఇది?"

"నేనే కుట్టానండి" అంది సరోజ.

"నాకొకటి కుట్టిపెట్టాలి. అచ్చం ఇదే. లోపల ఏం వేశారో, అదే వెయ్యాలి."

సరోజ కిటికీ వైపు తిరిగి పమిట కొంగు నోట్లో కుక్కుకుంది.

వేమూరు దాటాక బస్సు ఆగిపోయింది. ముందు రోజు ఈదురుగాలికి కాలవ గట్టు మీది నిద్రగన్నేరు కొమ్మ విరిగి రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. బైకులు పక్కనుంచి దూరి పోతున్నాయి గాని బస్సు పోదు. డ్రైవరు దిగి చూసి, మనుషులొచ్చి తీసేసరికి మధ్యాహ్నం అవుద్దన్నాడు. నలుగురు మగవాళ్లు దిగి లాగబోయారు, కొమ్మ కదల్లేదు. కండక్టరు సందీప్ మెట్ల మీద నిలబడి బస్సులోకి కేకేశాడు.

"ఎవరి దగ్గరన్నా కత్తో కొడవలో ఉందాండి?"

సరోజ పున్నమ్మ చెయ్యి గట్టిగా నొక్కింది. కండక్టరు ఒక్కొక్క వరసా అడుగుతూ వచ్చాడు. వీళ్ల దగ్గరికొచ్చి, ఊరికే అడిగినట్టు అడిగాడు.

"మీ దగ్గరేం ఉండదులే పిన్నిగారూ?"

"ఉంది బాబూ, గొడ్డలి. ఆయన కింద ఉంది" అంది పున్నమ్మ.

పాండురంగారావు గారు ముందు కాళ్ల కిందికి వంగి చూశారు. అక్కడేమీ లేదు. తర్వాత పున్నమ్మ చూపు ఎక్కడుందో చూశారు. ఆ వయసులో, ఆ బాధలో, మనిషి అంత చప్పున లేస్తాడని ఎవరూ అనుకోరు.

ఇక దాచి లాభం లేదు. సరోజ జాకెట్లో గుచ్చుకున్న పిన్నీసు తీసి దిండు కుట్టు విప్పింది. బూరుగు దూది బస్సంతా ఎగిరింది. దూదిలోంచి గోనె, గోనెలోంచి గొడ్డలి, ఒర, రంపం ఒకటొకటీ వస్తుంటే బస్సు మొత్తం చూస్తోంది. వెనక సీటులో ఎవరిదో ఫోన్ లేచింది.

గొడ్డలికి కర్ర బిగించి డ్రైవరు నాలుగు వేట్లు వేశాడు. చిన్న గొడ్డలి, కొమ్మ పెద్దది. అప్పుడు సరోజ కొంగు నడుముకు దోపి రంపం పట్టుకుని దిగింది. పున్నమ్మ రెండో వైపు కొమ్మను కాలితో తొక్కి పట్టింది. సూర్యలంకలో సరుగుడు దుంగలు కోసిన చేతులు కదా, చేవ ఉంది. వీళ్లు కోస్తుంటే మగవాళ్లు ముక్కలు కాలవ పక్కకు లాగారు. బస్సు పట్టేంత దారి అయ్యేసరికి సరోజ నుదుటి బొట్టు చెమటకు ముక్కు మీదికి జారింది.

బస్సు కదిలాక కండక్టరు వచ్చి, ముందు దణ్ణం పెట్టి, ఆ తర్వాత కోప్పడ్డాడు.

"ఇది దాచుకోవాల్సిన సంగతేంటండి? ఒర వేశారు, చుట్టారు, బానే ఉంది. ఎక్కేటప్పుడు నాకో మాట చెప్తే డ్రైవరు వెనకాల పెట్టిస్తాను. దిండు అనుకుని ఎవరన్నా పసిపిల్లని పడుకోబెడితే?"

ఆ మాటకు సరోజ నిజంగానే సిగ్గుపడింది. కూర్చుని చూసింది గాని, ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందని ఆలోచించలేదు. అప్పుడే వెనకనుంచి కూలికి పోయే ఒకామె నవ్వుతూ అంది. "మా కొడవళ్లు గోనెలో చుట్టి ఈ బస్సుల్లోనే తిరగతన్నాం గదక్కా. దానికి గులాబీలు కూడా కుట్టావు."

పాండురంగారావు గారు రేపల్లె దాకా నిలబడే వచ్చారు. పక్కన ఖాళీ ఉన్నా కూర్చోలేదు. దిగేటప్పుడు మాత్రం ఆగి, గొంతు తగ్గించి, "గొడ్డలి లేకుండా అంత గట్టిగా వస్తుందా?" అని అడిగారు. సరోజ కొబ్బరిపీచు వేసి కుడతానని మాటిచ్చింది. ఆ మాట ఒక్కటీ చెప్పిన వారానికే నిలబెట్టుకుంది కూడా.

ఆ సాయంత్రం పెనుమూడి దగ్గర కృష్ణ ఒడ్డున టెంటు వేసి, పుల్లలు రాజేసి, ఇద్దరూ చేపల పులుసు వండుకున్నారు. పులుసు పోసుకుంటూ పున్నమ్మ, "ఆయన కింద ఉందని చెప్పకుండా ఉండాల్సిందా?" అంది.

"చెప్పకపోతే ఇంకా అక్కడే ఉండేవాళ్లం. తిను" అంది సరోజ. అంతలో ఇద్దరికీ ఒకేసారి పాండురంగారావు గారు లేచిన వైనం గుర్తొచ్చింది. పున్నమ్మకు పొలమారి, వీపు మీద చరచాల్సి వచ్చింది.

వాళ్లు ఊరికి తిరిగొచ్చేసరికి బస్సులో తీసిన వీడియో వాళ్లకన్నా ముందు వచ్చి కూర్చుంది. అందరూ పున్నమ్మనే అడిగారు. సువార్తా కాదు, మొక్కూ కాదు, ఇద్దరు పెద్దాడవాళ్లు టెంటు వేసుకుని ఏటి ఒడ్డున పడుకుంటున్నారని అందరికీ తెలిసిపోయింది. నాలుగు రోజులు ముక్కున వేలేసుకున్నారు. పాస్టరుగారు పున్నమ్మను పిలిచి అడిగారు. ఆమె ఉన్నదున్నట్టు చెబితే, పాములుంటాయి జాగ్రత్తమ్మా అని పంపించారు. ఐదో రోజు ఎదురింటి సాయిసుధ జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వచ్చి, ఇచ్చాక కూడా కదల్లేదు. ముప్ఫై ఏళ్ల పిల్ల, బ్యాంకులో చేస్తుంది.

"అక్కా, మీ టెంటులో ముగ్గురు పడతారా?"

"ఒత్తుకుంటే పడతాం. నీ పక్కబట్టలు నువ్వు తెచ్చుకో" అంది సరోజ.

తర్వాతి నెల ముగ్గురూ బాపట్ల బయల్దేరారు. గొడ్డలి, రంపం ఇప్పుడు కాన్వాసు సంచిలో ఒరల్లోనే ఉన్నాయి. సంచి మీద గులాబీలు మాత్రం సరోజ మానలేదు. తెనాలి స్టేషనులో సాయిసుధ ఆటో దిగింది. ఒక చేతిలో పక్కబట్టలు, ఇంకో చేతిలో టేబుల్ ఫ్యాను.

"అదేంటే?" అంది పున్నమ్మ.

"ఉక్కపోస్తే ఎట్లా పిన్నీ?"

"సముద్రం ఒడ్డున ప్లగ్గు ఎక్కడుంటది?"

సాయిసుధ ఆ సంగతి ఆలోచించలేదు. వెనక్కి వెళ్లి పెట్టి రావడానికి టైము లేదు, రైలు వచ్చేసింది. ఆ ఫ్యానుకు తొడుగు లేదు, తీగ కింద ఈడ్చుకుంటూ వస్తోంది, రెక్కలు కుదుపుకోసారి టకటకమంటున్నాయి. రైల్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆటోలో భుజానికెత్తుకుని, సూర్యలంక ఇసకలో తెచ్చి దించింది. దారి పొడుగునా గులాబీల సంచిలో ఏముందని పదిమంది అడిగారు. ఫ్యాను గురించి మాత్రం ఒక్కరూ ఒక్క మాట అడగలేదు.