ఫొటోలో ఉన్న మనిషికి పేరుంది

గోడ మీంచి టేపు పీకే చప్పుడు వింటే నాకు ఇప్పటికీ వసుంధర మేడం గుర్తొస్తారు. వెంటనే కోపం కూడా వస్తుంది. శామీర్‌పేట దగ్గర ఒక భూస్వామి కుటుంబం కట్టించిన చిన్న మ్యూజియాన్ని ఆమె నడిపేవారు. కాకినాడ నుంచి వచ్చి కౌకూర్‌లో స్థిరపడ్డ మనిషి. సూరారంలో పెరిగిన నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆమే.

ఒకసారి మా ప్రాంతపు కార్మికుల మీద ఫొటో ప్రదర్శన తలపెట్టాం. అందులో ఒక పెద్ద ఫొటో, కుత్బుల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు ముందు జరిగిన సమ్మెది. నడుమ చెయ్యెత్తి మాట్లాడుతున్నది ఒక ఆడమనిషి. లేబుల్‌లో మాత్రం పక్కన నిలబడ్డ నాయకుడి పేరే ఉంది. ఆమె ‘ఒక మహిళా కార్మికురాలు’. మేడం ఊరుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని సూరారం గల్లీలన్నీ తిరిగి ఆమెను కనుక్కున్నారు. పేరు యాదమ్మ. ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టించాలని పని ఆపించింది తనేనట. నాయకుడు ఫొటో వేళకు వచ్చాడట. ఉద్యోగం పోయింది మాత్రం ఆమెదే.

“నా పేరు ఎవ్వలడగలే బిడ్డా,” అంది నాతో.

మేడం ఆమె పేరుతో కొత్త లేబుల్ రాయించారు. ప్రారంభోత్సవానికి రమ్మని పిలిచారు. తీరా ఆ రోజు ఉదయం చూస్తే పాత లేబులే తిరిగొచ్చి ఉంది. ముఖ్య అతిథి ఆ నాయకుడి కొడుకని అప్పుడు తెలిసింది.

“గింత దానికి పరేషాన్ ఎందుకు మేడం? ఫొటోల కనబడ్తనే ఉంది గద, పేరుతోని ఏం పని?” అన్నాడు మ్యూజియం చైర్మన్, ఆ భూస్వామి కుటుంబం పెద్ద.

మేడం గొంతు పెంచలేదు. “హాల్లో మీ నాన్నగారి ఫొటో ఉంది కదండీ. దాని కింద ‘ఒక మగాడు’ అని రాయించమంటారా?”

రేపటి నుంచి రావద్దన్నాడాయన. అతిథులు వచ్చాక, అందరూ చూస్తుండగానే మేడం ఆ లేబుల్‌ను టేపుతో సహా గోడ మీంచి పీకేశారు. యాదమ్మను ఫొటో పక్కన నిలబెట్టి, మాట్లాడమన్నారు. యాదమ్మ మాట్లాడింది. సగంలోనే చైర్మన్ మనుషులు మైకు ఆపేశారు. ఆమె ఆపలేదు.

మర్నాటికి ఆ ఫొటోనే తీసేశారు. మేడంకు మళ్లీ ఏ మ్యూజియంలోనూ పని దొరకలేదు. ఆమె స్థానంలో వచ్చినాయన మహిళా సాధికారత మీద ప్రదర్శన పెట్టి, చైర్మన్ భార్యతో రిబ్బన్ కట్ చేయించాడు. ఆహ్వానపత్రంలో ఆమె ‘చైర్మన్‌గారి సతీమణి’. అంతే. పేరు లేదు.

ఇప్పుడు నేనూ ప్రదర్శనలు చేయిస్తున్నాను. కోపం తగ్గించుకోమని చెప్పేవాళ్లకు కొదవ లేదు. తగ్గించుకోను. ఫొటోలో ఉన్న ఆడమనిషి ఎవరో తెలియదని ఎవరైనా అంటే, ఎవరిని అడిగారని అడుగుతాను. జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలను.