ఉల్టా మర బోల్టు

మొన్న మా అమ్మాయిని ఆరో తరగతిలో చేర్చడానికి పోతిరెడ్డిపల్లి దగ్గరున్న బడికి వెళ్తే చేతికి ఒక ఫారం ఇచ్చారు. అందులో 'తండ్రి విద్యార్హత' అని రాసి, పక్కన రెండు గీతలంత చోటు వదిలారు. నా చదువుకు అంత జాగా దండగ. 'ఏడు' అని రాస్తే ఓ మూలకు సరిపోయింది. మిగతాది బోసిగా కనిపిస్తోందని 'ఫెయిల్' అని కూడా చేర్చాను. అయినా ఇంకా ఒకడి చదువుకు సరిపడా చోటు మిగిలింది. ఫొటోలు అంటించడానికి గమ్ము కోసం అమ్మాయి సంచి ముందు జేబులో చెయ్యి పెడితే బరువుగా ఏదో తగిలింది. తీసి చూస్తే బొటనవేలంత లావు బోల్టు, దానికి బిగించిన నట్టు. ఏడేళ్లుగా సంచులు మారుతున్నాయి గానీ ఆ బోల్టు మాత్రం మారలేదు. ఆరో తరగతి బడికి కూడా వచ్చేసింది, ఫారం లేకుండానే.

ఆ బోల్టు సంగతి చెప్పాలంటే ముందు మా వదిన గురించి చెప్పాలి. మా అన్న భార్య. లక్డారానికి కూతవేటు దూరంలో ఉన్న మా ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్లు, పొద్దున్నే పెద్దమ్మ చెయ్యి పట్టుకుని అక్కడికి పోయేది. నేను పటాన్‌చెరులో ఒక మెషిన్ షాపులో ఫిట్టర్ని. షిఫ్టు దిగి వచ్చి, చేతులకు అంటిన గ్రీజు సర్ఫుతో కడుక్కుంటూ రోజూ అడిగేవాణ్ణి, "ఇయ్యాల ఏం నేర్చుకున్నవ్ బిడ్డా?" అని.

"కందులొక్క తాన, మక్కలొక్క తాన ఏరిన నాయినా."

మర్నాడు అడిగితే, "నీళ్లు వోసిన" అంది.

"ఎందుల?"

"చెంబులకెల్లి గ్లాసుల. మల్ల గ్లాసులకెల్లి చెంబుల."

ఇంకో రోజు పిండితో పాములు చేశానంది. ఇంకో రోజు తడి ఇసుక నింపిన పళ్లెంలో వేలితో వంకర గీతలు గీశానంది. ఇదంతా మా అమ్మ వంటింట్లో ఊరికే నేర్పేదే కదా, దీనికి బడెందుకని అనుకునేవాణ్ణి. అక్కడ ఫ్యాక్టరీలోనేమో మా ఫోర్‌మన్, కోస్తా నుంచి ఎప్పుడో ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డ పెద్దాయన, టీ తాగుతూ, "మా మనవడు ఏబీసీడీలు ఆగకుండా చెప్పేస్తున్నాడయ్యా, మీ అమ్మాయి ఏం చెబుతోంది?" అన్నాడు. "కందులు ఏరుతోంది సార్, వచ్చే ఏడు పప్పు మిల్లు పెడతాం" అన్నాను. షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వించేవాడికి ఒక ఇబ్బంది ఉంది. తన మీద తాను వేసుకున్న జోకు అందరూ అక్కడే వదిలేసి పోతారు, అతను మాత్రం టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటాడు.

నా భయం చిన్నది కాదు. స్టోరుకు చీటీ రాయాల్సి వస్తే ఇప్పటికీ పక్కవాడి వైపు చూస్తాను. పెన్ను పట్టుకుంటే, పాతిక కిలోల ఇనప ఫ్లాంజి మోసే ఈ చెయ్యి వణుకుతుంది. నా బిడ్డకు ఆ గతి వద్దని, వ్యాను ఇంటి ముందుకొచ్చే ప్రైవేటు బడిలో మాట్లాడి వచ్చాను. టై, బూట్లు, నాలుగు పుస్తకాలు. సోమవారం చేర్చాలి. చిక్కల్లా ఒక్కటే. అప్పటికే ఇద్దరు ముగ్గురు పిల్లలు వదిన దగ్గర మానేశారు. టీచరు సొంత మరిదే తీసేశాడంటే మిగిలినవాళ్లు ఆగరు. పిల్లలు ఇంకా తగ్గితే ఆ కేంద్రాన్ని హైవే అవతలి దాంట్లో కలిపేస్తారని పైనుంచి మాట వచ్చి ఉంది. లారీల మధ్య నుంచి మూడేళ్ల పిల్లల్ని ఎవరు పంపుతారు? ఇదంతా నాకు తెలుసు. అయినా నా బిడ్డ నా బిడ్డే కదా. "మీ వదినకు నువ్వే చెప్పుకో, నేను చెప్ప" అని మా ఆవిడ మూతి బిగించింది.

చెప్పడానికే వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే వదిన అంది, "మంచిగొచ్చినవ్ మరిదీ. మీ కంపెనీల పాత బోల్ట్లు, నట్లు ఉంటె అడిగి తేరాదు. పోరగాండ్ల నోట్ల వట్టకుంట పెద్దగుండాలె."

"ఏంది వదినా, బడిని ఇప్పి లారీ చేస్తవా?"

"రాసేది చేతి ఏళ్లే గద. ముందుగాల ఏళ్లకు బలం రావాలె. నీ లెక్క పెన్ను వట్టంగనే వణికితే ఏం రాస్తరు?"

అన్న పెళ్లికి సాక్షి సంతకం పెట్టడానికి నేను పడ్డ అవస్థ ఆమె మరిచిపోలేదన్నమాట. చెప్పాలనుకున్న మాట మింగేసి ఇంటికొచ్చాను.

ఫోర్‌మన్‌ను అడిగి, గేటు పాసు రాయించి, స్క్రాపు డబ్బాల్లోంచి దోసిళ్లతో ఎత్తుకొచ్చాను. కిరోసిన్‌లో నానబెట్టి కడిగాను. వదిన వాసన చూసి వెనక్కి పంపింది. సబ్బుతో కడిగాను. మళ్లీ వాసన చూసింది. మూడోసారి మా ఆవిడ చింతపండు పెట్టి పూజ సామాను తోమినట్టు తోమితే అప్పుడు తీసుకుంది.

శనివారం తల్లుల మీటింగు. వదిన నన్నూ రమ్మంది. ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసే ఒకావిడ గుమ్మంలోనే నన్ను పట్టుకుని, "అన్నా, నువ్వు బిడ్డను తీస్తున్నవట గద? నువ్వు తీస్తె మేం గూడ తీస్తం. ఈడ ఆటలే ఆడిపిస్తున్రు" అంది. వదిన వింది. చాప మీద బోల్టులు, నట్టులు కుప్ప పోసి, "కంపెనీ నుంచి తెచ్చింది మా మరిదే. ఎట్ల ఎక్కియ్యాల్నో ఆయననే సూపిస్తడు" అంది.

ఇంతమంది ఆడవాళ్ల ముందు మన విద్య చూపించే అవకాశం మళ్లీ వస్తుందా? బాసింపట్టు వేసి కూర్చున్నాను. ఒక బోల్టు, ఒక నట్టు తీసి తిప్పాను. ఎక్కలేదు. నట్టు మార్చాను. ఎక్కలేదు. పళ్లు బిగించాను, చెవులు వేడెక్కాయి. పిల్లలు నా మొహం చూసి కిలకిలా నవ్వుతున్నారు. "మర వోయింది, గాట్లు అరిగినయి, ఇది ఖరాబు" అని పక్కన పడేశాను. రెండోది ఎక్కింది. మూడోది మళ్లీ ఖరాబు. అలా ఐదారు పక్కన పడ్డాయి. ఖరాబు అన్న మాట నాకు కొత్త కాదు. ఏడో తరగతిలో మా సారు నన్ను పక్కన కూర్చోబెట్టి అన్నదీ అదే.

మా అమ్మాయి మాత్రం నేను పడేసిన వాటి దగ్గరికే పోయి కూర్చుంది. ఒక నట్టు పెట్టి ఇటు తిప్పింది, అటు తిప్పింది, తీసేసింది. ఇంకోటి పెట్టింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. వదినను చూశాను, సాయానికి రాలేదు. ప్యాకింగు ఆవిడ "ఖరాబట గదనే, ఇడిసిపెట్టు" అన్నా పిల్ల తలెత్తలేదు. ఎంతసేపు గడిచిందో గానీ, అటువైపు తిప్పిన ఒక నట్టు బోల్టుకు పట్టుకుంది. గిరగిరా తలదాకా పోయింది.

అప్పుడు వెలిగింది నాకు. గ్రైండరు మిషన్‌కు ఎడమ వైపు చక్రం ఊడిపోకుండా ఉల్టా మర బోల్టు వేస్తాం. అందరూ బిగించే వైపు తిప్పితే అది విప్పుకుంటుంది. ఆ డబ్బా వేరే, ఈ డబ్బా వేరే. నేను తొందరలో రెండింట్లోనూ దోసిలి పెట్టాను. పన్నెండేళ్లు ఒకే వైపు తిరిగిన నా చేతికి రెండో వైపు ఒకటుందన్న ధ్యాసే రాలేదు. ఆ పిల్ల ఒక్కొక్కటీ తిప్పి చూసుకుంటూ రెండు గిన్నెల్లో వేరుచేసింది, అచ్చం కందులూ మక్కలూ ఏరినట్టే. "పెద్దమ్మా, ఇవి ఇటు తిరిగేటియి, ఇవి అటు తిరిగేటియి. ఖరాబు ఒక్కటి గూడ లేదు" అంది. మొదట ఎక్కించిన ఆ బోల్టును మాత్రం నట్టుతో సహా తన సంచిలో వేసుకుంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్యాకింగు ఆవిడ కాసేపు ఆ గిన్నెల్ని చూసి, తన కొడుకును మెల్లగా చాప మీదికి తోసింది. "నువ్వు గూడ తిప్పు పోరా" అంది. నేను బయటికొచ్చి వ్యాను డ్రైవరుకు ఫోన్ చేశాను, సోమవారం రావద్దని. పిల్ల ఆ మరుసటి ఏడాదే తన పేరు రాసింది. వణకకుండా రాసింది.

మొన్న ఫారంలో మిగతాదంతా చివరికి ఆ అమ్మాయే నింపింది. నేను పక్కన నిలబడి ఆ నట్టును విప్పుతూ, బిగిస్తూ ఉండిపోయాను. ఏడేళ్లు ఎటు తిరిగాయో తెలియలేదు. ఆ చాప మీద పిల్లలు ఎప్పటికప్పుడు మారుతున్నారు, వదిన మాత్రం ఇంకా ఇసుక తడుపుతూనే ఉంది.

ఆ శనివారం అందరూ వెళ్లిపోయాక నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చాప దులుపుతున్న వదిన దగ్గరికి వెళ్లి అలవాటు కొద్దీ జోకేశాను. "వదినా, గిట్లాంటి బడి నాకు దొరకకపాయె. ఇగ నన్ను గూడ చేర్చుకోరాదు."

వదిన తలెత్తకుండానే అంది, "మాతాన మూడేండ్లు నిండినోళ్లనే తీసుకుంటం మరిదీ. నీకు నిండినంక రా."