నైట్ షిఫ్టు నిద్ర చెడకుండా బూర ఊదడానికి రామగిరి గుట్టకు

ఇది చదవబోయే పెద్దలకు, చదవకుండానే తిట్టబోయే మా గల్లీ వాళ్లకు ముందుగా నా సాష్టాంగ క్షమాపణలు. ఒక పరదేశిని పొద్దున్నే గుట్ట ఎక్కించి కోతుల పాలు చేసినందుకు, బొగ్గుబాయిలో జన్మంతా చెమటోడ్చిన పెద్దమనిషిని ఆఖరి రోజు గేటు దగ్గర ఎండలో నిలబెట్టినందుకు, చివరికి ఆయన్నే బతుకమ్మను చేసి చుట్టూ ఆడవాళ్లను తిప్పినందుకు సిగ్గుతో తల వంచుకుంటున్నాను. నిజానికి ఇవేవీ నేను చేయలేదు. అయినా మర్యాద కోసం వంచుకుంటున్నాను. నేను చేసిన పని వేరే ఉంది. అది ఆఖరున చెబుతాను, ఈలోగా మీ కోపం కూడా గుట్ట దిగుతుంది.

పరదేశి పేరు మారెక్, దేశం పోలండు. భూగర్భ గనుల్లో వాడే ఏదో యంత్రం బిగించడానికి వచ్చి, ఎనిమిది నెలలుగా గోదావరిఖనిలో మా పక్కింటి మేడ మీద అద్దెకుంటున్నాడు. కింద ఇంటి ఓనర్లు బొగ్గుబాయిలో పనిచేసే లింగయ్య కాక, ఆయన భార్య రాజవ్వ చిన్నమ్మ. తెల్లచొక్కా ఆరేస్తే సాయంత్రానికి బూడిద రంగుకు తిరుగుతుందని మొదటి వారంలో నేర్చుకున్నాడు. సర్వపిండిని వేడివేడిగా గిన్నెలోంచే తుంచుకు తినాలని రెండో వారంలో నేర్చుకున్నాడు. తెలుగు మొత్తం చిన్నమ్మ దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి, ఆరడుగుల ఆ కుర్రాడు అచ్చం అరవై ఏళ్ల అవ్వలాగే మాట్లాడతాడు. బ్యాంకు మేనేజరైనా సరే, ఎదురుపడితే "ఏం బిడ్డా, తిన్నవా?" అంటాడు. బీటెక్ పూర్తిచేసి నోటిఫికేషన్ల కోసం తపస్సు చేస్తున్న నేను అతనికి జీతం లేని దుబాసీని.

మారెక్ దగ్గర ఒక ట్రంపెట్ ఉంది. మా గల్లీ భాషలో బూర. వాళ్ల తాత కూడా బొగ్గు తవ్వేవాడట, అక్కడి గని కార్మికుల బ్యాండులో ఇదే బూర ఊదేవాడట. వచ్చిన మర్నాడు పగలు పదకొండింటికి మావాడు దాన్ని తీసి ఊదాడు. మా గల్లీలో పగలు పదకొండంటే కొందరికి అర్ధరాత్రి. నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న కాక లుంగీ సర్దుకుంటూ మేడ ఎక్కి రెండు చేతులూ జోడించాడు. "బాబూ, నీకు దండం పెడుత. నేను సచ్చినంక ఊదుకో." ఏమన్నాడని మారెక్ అడిగితే ఒక్క అక్షరం పొల్లుపోకుండా అనువదించాను. అంతే, బూర మంచం కిందికి పోయింది. ఇదేదో ఇక్కడి మతాచారం అనుకున్నాడు. కాకది నైట్ కాని వారం పక్కింటాయనది నైట్, ఆయనది కానప్పుడు ఎదురింటాయనది. మా గల్లీలో ఎవరో ఒకరు ఎప్పుడూ నిద్రలోనే ఉంటారు.

ఈ ప్రయాణం ఎందుకు మొదలైందంటే, నెల ఆఖరి రోజు కాక రిటైరవుతున్నాడు. మా దగ్గర రిటైరైన మనిషి ఉత్తినే నడిచి ఇంటికి రాడు. బాయి గేటు నుంచి మెడ నిండా దండలతో, వెనక బ్యాండుతో, ముందు చిందులేస్తూ ఎగిరే దోస్తులతో ఊరేగింపుగా వస్తాడు. లింగయ్య కాక ఎన్ని ఊరేగింపుల ముందు ఎగిరాడో ఆయన మోకాళ్లకే తెలుసు. "నా రోజున ఎవడెగురుతడో, ఎవడెగురడో చూస్త" అని ఏడాదిగా అందర్నీ బెదిరిస్తున్నాడు. అలాంటిది, సరిగ్గా రెండు రోజుల ముందు, బ్యాండు మాస్టరుకు కామెర్లని కబురొచ్చింది. మోసుకొచ్చింది నేనే. చిన్నమ్మ గడప మీద కూలబడింది. "మీ కాకకు చెప్పకుండ్రి బిడ్డా. ఆఖరి డ్యూటీకి మనసు ఖరాబు చేసుకొని బాయిల దిగుతడు."

మారెక్ ఊదుతాడని నేనే అన్నాను. మారెక్ మొహం పాలిపోయింది. "కాక సావలేదు గద?" అన్నాడు. ఈ ఒక్కసారికి బతికున్నా ఫరవాలేదని ఒప్పించాను. కానీ ఎనిమిది నెలలుగా బూర ముట్టనివాడు సాధన చేయాలి. దానికి చుట్టుపక్కల నైట్ షిఫ్టు మనిషి ఒక్కడు కూడా నిద్రపోని చోటు కావాలి. పటం చూస్తే గుట్ట మీది పాత కోట, రామగిరి ఖిల్లా ఒక్కటే కనబడింది.

ఆఖరి రోజు కాకకు ఫస్ట్ షిఫ్టు. ఆయన బాయి దిగేది ఏడింటికి, బయటికొచ్చేది మధ్యాహ్నం మూడింటికి. మేం అయిదున్నరకే ఖని చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కాం. సెంటినరీ కాలనీ దాకా మనిషికి నలభై. అక్కడి నుంచి గుట్ట కింది బేగంపేటకు వేరే ఆటో చూసుకోవాలి, కానీ మేం అదే ఆటోను రోజంతటికీ ఎనిమిది వందలకు మాట్లాడుకున్నాం. డ్రైవర్ సమ్మయ్యన్నకు యాభై అయిదేళ్లుంటాయి. మారెక్ వెనక నుంచి ఆయన భుజం తట్టి, "తిన్నవా బిడ్డా?" అన్నాడు.

సమ్మయ్యన్న అద్దంలోంచి నన్ను చూశాడు. "నా బిడ్డలకే పిల్లలున్నరు తమ్మీ. గీయిన నన్ను బిడ్డా అంటడేంది?"

"అలవాటన్నా, ఏమనుకోకు."

"అనుకోను గని, తినలేదని చెప్పు."

అలా సెంటినరీ కాలనీలో ముగ్గురం ఇడ్లీ తిన్నాం. ప్లేటు ముప్పై, చట్నీ ఎన్నిసార్లయినా పోస్తారు.

ఎక్కడం ఏడింటికి మొదలుపెట్టాం. రెండు గంటలు పడుతుంది. వానలు వెనకబట్టిన రోజులు కావడంతో బండల మీద నాచు ఇంకా ఆరలేదు, పాత కోట మెట్లు సగం జారిపోయి ఉన్నాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. రెండో కోటగోడ దాటాక చుట్టూ పచ్చదనం, దూరంగా రామగుండం పొగగొట్టాలు, ఓపెన్‌కాస్టు గనుల్లోంచి తవ్విపోసిన మట్టిగుట్టలు. దేవుడు చేసిన గుట్ట మీద నిలబడి కంపెనీ చేసిన గుట్టల్ని చూడటం ఈ బెల్టులోనే దొరికే భాగ్యం. మారెక్ చాలాసేపు చూసి, వాళ్ల ఊరూ ఇలాగే ఉంటుందన్నాడు. తర్వాత బూర తీసి, వాళ్ల తాత ఊదే పాట ఊదాడు. నెమ్మదిగా, గంభీరంగా ఉంది. గుట్టంతా మోగింది.

పొదల వెనక నుంచి ముందు మేకలు, వాటి వెనక కర్ర పట్టుకుని ఒక అవ్వ వచ్చారు. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎవ్వలు పోయిండ్రు బిడ్డా?"

"ఎవ్వలు పోలేదవ్వా," అన్నాడు మారెక్. "మా కాక రిటైరైతుండు."

"రిటైరైనోనికి గిట్ల ఊదుతరా? ఇంటికి తీస్కపోతున్నరా, కాటికి తీస్కపోతున్నరా? బతుకమ్మ పాట రాదా నీకు?"

వచ్చు. చిన్నమ్మ సర్వపిండి ఒత్తుతూ రోజూ కూనిరాగం తీసేది అదే. మారెక్ మొదట తడబడ్డాడు, రెండోసారికి దారిలో పడ్డాడు, మూడోసారికి అవ్వ కర్ర పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. నీళ్లు తాగుదామని మారెక్ బూర చివరన ఉండే, పెదాలకు ఆనించే ఇత్తడి ముక్కను ఊడదీసి బండ మీద పెట్టాడు. కోతి వచ్చింది, తీసుకుంది, కోటగోడ ఎక్కింది. అది లేకుంటే బూర వట్టి ఇత్తడి గొట్టం. మేం ముప్పావు గంట బతిమాలాం. ఆ తర్వాత అవ్వ విసుక్కుని తన సద్దిలోని ఉడికించిన గుడాలు పిడికెడు విసిరింది. కోతి నాణ్యత పోల్చి చూసి, ఇత్తడి వదిలేసి శనగ గుడాలు ఏరుకుంది.

ఇంకో పని మిగిలింది. కామెర్లకు రామగిరి నేలఉసిరిని మించింది లేదని, మాస్టరు కోసం తెమ్మని చిన్నమ్మ మరీ మరీ చెప్పింది. ఒక కట్ట చాలు అంది అవ్వ. నేను మూడు కట్టలు పీకాను. ఎందుకో చేతులు ఆగలేదు.

పన్నెండున్నరకు దిగి, అన్నం తిని బయల్దేరాం. రెండుంబావుకు ఓపెన్‌కాస్టు పక్కన ఎర్రజెండా అడ్డం వచ్చింది, సైరన్ మోగింది. బ్లాస్టింగు. అయ్యేదాకా ఎవర్నీ కదలనివ్వరు.

"అన్నా, మూడింటికి గేటు కాడుండాలె," అన్నాను జెండా పట్టుకున్నాయనతో.

"నేను నాలుగింటికి ఇంటికాడుండాలె. ఏం జేద్దాం? కింద మందు వెట్టిండ్రు తమ్మీ, అది నీ మాట ఇనది, నా మాట ఇనది."

మారెక్ నిమిషానికోసారి టైం అడిగాడు. రెండు యాభైకి కాళ్ల కింద నేల ఒక్కసారి ఒళ్లు విరుచుకుంది. మూడింటికి జెండా లేచింది. సమ్మయ్యన్న ఆటోను విమానంలా నడిపాడు.

మేం చేరేసరికి మూడున్నర. లింగయ్య కాక గేటు బయట నిలబడి ఉన్నాడు. దోస్తులు, చుట్టాలు, కాలనీ ఆడవాళ్లు వేసిన బంతిపూల దండలు చెవులు దాటి పైకి వచ్చాయి. కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. బ్యాండు లేక ఒక్కరూ కదలడం లేదు. చిన్నమ్మ ఆయన మొహంలోకి చూడటం లేదు. "బ్యాండు రాకుంటె మానె, నడువుండ్రి. కాళ్లున్నయ్ గద," అంటున్నాడు కాక. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

మారెక్ బూర పట్టుకుని ఆటో దిగాడు. కాక కళ్లు పెద్దవయ్యాయి.

"ఓరి నీ పాసుగాల! నేనింక సావలేదు గదరా!"

మారెక్ ఆయన ముందు నిలబడి, చిన్నమ్మ యాసలో చాలా నెమ్మదిగా చెప్పాడు. "ఇగ నీకు నైట్ షిఫ్టు లేదు గద బిడ్డా. విను."

మారెక్ ఊదాడు. రెండు చరణాలయ్యేసరికి ఆడవాళ్ల చేతులు వాటంతట అవే కలిశాయి. ఆ పాట వింటే మా ఆడవాళ్లు గుండ్రంగా తిరగకుండా ఉండలేరు. తిరగాలంటే మధ్యలో పూలకుప్ప ఉండాలి. ఉంది. లింగయ్య కాక.

"రాజవ్వా! ఆఖరికి నన్ను చెరువుల ఏస్తరా ఏంది?" అని లోపల నుంచి కేక.

"ముందైతే ఇంటికి నడువు, తర్వాత చూద్దాం," అంది చిన్నమ్మ, చప్పట్లు ఆపకుండా, కళ్లు తుడుచుకోకుండా.

ఆ తర్వాత తన ఊరేగింపు ముందు అందరికన్నా ఎక్కువ ఎగిరింది కాకే.

ఇప్పుడు ఆయనకు పగలు నిద్ర రావడం లేదు. పదకొండు కాగానే మేడ మెట్ల మీద కూర్చుని, పైకి చూసి దగ్గుతాడు. పక్కింటాయనది నైట్ అయితే మారెక్ తల అడ్డంగా ఊపుతాడు, కాకపోతే బూర తీస్తాడు. ఒకే ఇంట్లో ఇన్నాళ్లు ఉండి, ఒకరి నిద్రకు భయపడి ఇంకొకరు మూగగా బతికారు. దూరదేశాల సంగీతం వినడానికి విమానం ఎక్కాలని నేనూ అనుకునేవాణ్ని. ఒక్కోసారి మెట్ల మీద కూర్చున్న ముసలాయనకు డ్యూటీ అయిపోతే చాలు.

వెళ్లబోయేవారికి ఒకే ఒక్క సలహా. ఈ బెల్టులో మీవాళ్లెవరైనా రిటైరవుతుంటే, బ్యాండును నెల మొదట్లోనే మాట్లాడుకోండి. రిటైరయ్యేవాళ్లందరికీ అదే ఆఖరి రోజు కాబట్టి నెలాఖరున అడిగితే దొరకదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పని చిన్నమ్మ మూడు వారాల ముందే నాకు అప్పగించింది. నేను మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి మాస్టరు గోదావరి అవతల వేరే బాయికి ఒప్పుకున్నాడు. నిండు ఆరోగ్యంతో ఆ రోజంతా అక్కడ ఊదాడట. ఇప్పుడు చిన్నమ్మ పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లి నేలఉసిరి పసరు తాగిస్తోంది. నాకేం లేదక్కా అని ఆయన మొత్తుకుంటే, "కామెర్లొచ్చినోళ్లు గట్లనే అంటరు" అని, గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదలడం లేదట. ఇంకా రెండు కట్టలు మిగిలున్నాయి. మాస్టరుగారూ, మీకు ఆ కామెర్లు తెప్పించింది నేనే.