నానబెట్టిన టీ

మా తాతయ్య ముప్పై ఏళ్లు ఒక ఆఫీసు క్యాంటీన్‌లో టీ కాచాడు. అక్కడికి కొత్తగా ఒక విదేశీ అధికారి వచ్చాడు. వాళ్ల దేశంలో నీళ్లు విడిగా మరిగించి టీపొడి మీద పోస్తారట. ఆయన స్టవ్వు తీయించేసి కరెంటు కెటిల్ పెట్టించాడు.

"పొడి మరగకుండా టీ ఏంట్రా? బట్టలు నానబెట్టినట్టు!" అని తాతయ్య నా దగ్గర రుసరుసలాడాడు. మర్నాడు మొండిగా పాలూ పొడీ కెటిల్లోనే పోసి మరిగించాడు. పాలు పొంగి, వైరు కాలి, ఆఫీసంతా చీకటైంది. సాయంత్రానికి ఉద్యోగం ఊడింది.

"మొత్తానికి కెటిల్‌ని చంపావు తాతయ్యా!" అని ఏడిపించాను. ఎప్పటిలా నెత్తిన మొట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగో రోజు నానమ్మ, "లే, టీ మరిగిస్తాను" అంది.

"ఎందుకే? నానబెట్టి ఇవ్వు, చాలు" అన్నాడు, ఇటు తిరక్కుండానే.